పొయ్యి వెలిగించని రోజు పిడికెడు బియ్యం

మా ముత్తాత ఎలీషా, గోదావరి అవతలి ఒడ్డున మంచిర్యాలకు ఎగువనున్న పల్లెలో, మా వాడ మొత్తానికి అక్షరం నేర్చిన మొదటి మనిషి. దొర గడీ ముందు నుంచి చెప్పులు విప్పకుండా నడిచిన మొదటి మనిషి కూడా ఆయనే. ఆ నడకకు పడిన దెబ్బల గుర్తులు చనిపోయేదాకా ఆయన వీపు మీద ఉన్నాయని, స్నానం చేసేటప్పుడు మనవలను పిలిచి మరీ చూపించేవాడని మా నాయనమ్మ చెప్పేది. ఆయన కొడుకు సమూయేలు, మా తాత, ఏడు ఊళ్లకు ఉపదేశి. ఆ ఊళ్లలో పెళ్లి జరగాలన్నా, మనిషిని మట్టిలో పెట్టాలన్నా ఆయన బండి వచ్చేదాకా ఆగేవారు. మా వాడలో మొదటి పెంకుటిల్లు మాది. మేం గుడి అని పిలిచే చర్చిలో మొదటి బెంచీ మాది. దాని మీద మా పేరు రాసి లేదు. రాయవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

మిషను వాళ్లు వెళ్లిపోయాక తాతకు జీతం ఆగింది. ఇంటికి వచ్చినవాళ్లకు అన్నం పెట్టడం మాత్రం ఆగలేదు. ఏడు ఊళ్ల నుంచి ఎవరు ఏ పని మీద వచ్చినా మా వాకిట్లో చేతులు కడుక్కునేవారు. పొలం ఒక్కో ముక్క అలా విస్తళ్లలోకి వెళ్లిపోయింది. తాగి పోగొట్టుకున్న కుటుంబాలు మాకు తెలుసు, జూదంలో పోగొట్టుకున్నవీ తెలుసు. మావాళ్లు పెట్టి పోగొట్టుకున్నారు. ఈ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ నా మెడ కొంచెం నిటారుగానే ఉంటుంది. తాత పోయేనాటికి మిగిలింది కొంత చెలక, వానకు పండే మెట్ట నేల. తాత ముగ్గురు కొడుకుల్లో చిన్నవాడైన మా నాన్న దేవసహాయం నది దాటి గోదావరిఖని వచ్చి, బొగ్గుబాయిలో తట్ట ఎత్తే పనిలో చేరాడు.

పోయిన వానాకాలం రాజవ్వ చనిపోయిందని కబురొస్తే వెళ్లాను. రాజవ్వ మా కాలనీ గుడి ఊడ్చిన మనిషి. ఎంత వయసో ఆమెకే తెలియదు. తొంభై దగ్గర ఉంటుంది. సమాధి దగ్గర పాస్టరు అయ్యగారు నన్ను ముందుకు పిలిచి, "ఉపదేశిగారి మనవరాలు రెండు మాటలు చెబుతారు" అన్నారు. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన నాకు అక్కడ నోరు పెగల్లేదు. గొడుగు కింద నిలబడి తడిమట్టి వైపు చూసి వెనక్కి వచ్చేశాను. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

నా చిన్నప్పుడు బొగ్గుబాయి కాలనీలో మా క్వార్టరు రెండు గదులు. ముందు వరండాలో బొగ్గుల పొయ్యి. తెల్లవారేసరికి వరుసలోని ఇళ్లన్నీ ఒకేసారి పొయ్యిలు ముట్టించేవి. ఆ పచ్చి బొగ్గు పొగ వాసన వస్తేనే మాకు పొద్దు పొడిచినట్టు. మొదటి షిఫ్టు రోజుల్లో నాన్న లేవకముందే అమ్మ చాప పరిచి దీపం వత్తి పెంచేది. నలుగురం మోకరించేవాళ్లం: అమ్మా, నాన్నా, నేనూ, నా చెల్లెలూ. నాన్న వాక్యం చదివేవాడు, తర్వాత ప్రార్థన చేసేవాడు. ఆ ప్రార్థన తాతదే. మాటలు కూడా తాతవే. "సర్వోన్నతుడవైన తండ్రీ, నీ పాదపద్మములకు" అని మొదలై, పొయ్యి మీద ఎసరు మరిగేదాకా సాగే పుస్తక భాష. ఇంట్లో మామూలుగా మాట్లాడుకునే తెలుగు దేవుడి ముందుకు వచ్చేసరికి బట్టలు మార్చుకునేది. మా ఇంటికి అదొక మర్యాద.

నాన్న డ్యూటీకి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో వెళ్లేవాడు. బాయి బట్టలు, బూట్లు సంచిలో సైకిలు వెనక కట్టుకునేవాడు. అక్కడే మార్చుకుని దిగి, పైకి వచ్చాక అక్కడే స్నానం చేసి, మళ్లీ తెల్ల చొక్కాతో తిరిగొచ్చేవాడు. కాలనీలో ఆయన్ని నల్లటి మొహంతో చూసినవాళ్లు లేరు. "మా ఆఫీసరు సారు వస్తుండు" అని మిగతా కార్మికులు నవ్వేవారు. నాన్న నవ్వకుండా తలూపి సైకిలు తొక్కేవాడు. వారమంతా తట్ట ఎత్తిన ఆ మనిషి ఆదివారం గుడిలో సంఘ పెద్ద. కష్టంలో ఉన్నవాళ్ల పేర్లు ఒక కాగితం మీద నేను ముత్యాల్లా రాసిస్తే, నిలబడి చదివేవాడు. సంఘం వాళ్ల కోసం ప్రార్థించేది. అవసరమైతే ఆ ఇంటికి పిడికెడు బియ్యం సంచిలోంచి కొంత వెళ్లేది.

పిడికెడు బియ్యం సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా సంఘంలో ప్రతి ఇల్లాలూ పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు, కడిగిన చేత్తో ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. పొయ్యి మీద అన్నం వండితేనే పిడికెడు. వండని పూట పిడికెడు లేదు. ఎంత ఉన్నవాళ్లకైనా, ఎంత లేనివాళ్లకైనా ఒకటే కొలత, ఎవరి పిడికిలి వాళ్లది. ఆదివారం ఆ బియ్యాన్ని గుడ్డసంచిలో తెచ్చి, ముందున్న గోనెసంచిలో పోసేవారు. ఆ సంచి రాజవ్వ చేతిలో ఉండేది. భర్త బాయిలో పోయినప్పుడు ఆమె ఇంకా పడుచుది. గుడి ఊడ్చి, బెంచీలు తుడిచి, ఆ సంచి మూతి కట్టి విప్పే పని ఆమెది. చదువు లేదు గానీ ఎవరి బియ్యం ఏదో చేత్తో తడిమి చెప్పేది. మా ఇంటి నుంచి వెళ్లేవి సన్న బియ్యం. మిగతా ఇళ్లవి ఎక్కువగా రేషన్ దొడ్డు బియ్యం, కొన్ని ఉప్పుడు బియ్యం, కొన్నిట్లో నూక. అన్నీ సంచిలో కలిసిపోయేవి. "ఆ సంచిలోకి మన చెయ్యి వెళ్లాలి గానీ, ఆ సంచి మన గడప ఎక్కకూడదు" అని నాయనమ్మ చనిపోయే ముందు అమ్మకు చెప్పి పోయింది. అమ్మ దాన్ని వాక్యంలో రాసి ఉన్నంత గట్టిగా నమ్మింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, మొదటి షిఫ్టు దిగి ఇంటికి వస్తున్న నాన్నను మలుపులో ఒక బొగ్గు లారీ ఒరుసుకుని పోయింది. సైకిలు, కుడి కాలు దాని వెనక చక్రం కింద నలిగాయి. మూల మీద సైకిళ్లు బాగుచేసే ఖాదర్ కాక ఎవరిదో జీపు ఆపి దవాఖానకు చేర్చాడు. సాయంత్రం వరండా కింద నిలబడి, "పానానికి ఖత్రా లేదక్కా. కాలే... జర చూడాలంటున్నరు" అని అమ్మకు చెప్పి, తన చేతులకు అంటిన రక్తం మాకు కనపడకుండా వెనక్కి పెట్టుకున్నాడు.

ఎముక రెండు చోట్ల విరిగింది. దానికన్నా మించి, మోకాలి కింద మాంసం నలిగి పుండు పడి నల్లబడింది. వారాలు గడిచినా అది మానలేదు. డాక్టరు మంచివాడు, ముసలాయన. "ఈ నలుపు ఇక్కడితో ఆగితే కాలు దక్కుతుంది. పైకి పాకితే తీసెయ్యాలి" అని పెన్నుతో నాన్న కాలి మీద ఒక గీత గీశాడు. అప్పటి నుంచి మా ఇంటి బతుకంతా ఆ గీతకు ఇవతలా అవతలా అయింది. రోజూ సాయంత్రం అమ్మ దవాఖాన నుంచి రాగానే నేనూ చెల్లెలూ వరండా మెట్ల మీద నిలబడి ఆమె ముఖం చూసేవాళ్లం. "గీత దాటలేదు" అనేది. అప్పుడు కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేది.

ప్రమాదం డ్యూటీ దిగాక జరిగింది గనుక దాన్ని సెలవు కింద రాసుకున్నారు. ఉన్న సెలవులు అయిపోయాయి. జీతం ఆగింది. ఈ సంగతి అమ్మ ఎవరికీ చెప్పలేదు. ఆదివారం నేను పేర్ల కాగితం రాయడానికి కూర్చుని, నాన్న పేరు మొదట రాస్తే, నా చేతిలోంచి పెన్ను తీసుకుంది.

"మన పేరు అందులో వద్దు బిడ్డా."

"నాన్న కాలు బాగవ్వాలని అందరూ ప్రార్థన చేస్తారు కదమ్మా."

"మనం చేస్తున్నాం. మన ఇంటి ప్రార్థన ఎన్నడూ ఊరికే పోలేదు. ఊళ్లో అందరూ అయ్యో అనడానికి మీ నాన్నేమన్నా దిక్కులేనివాడా?"

ఆ కాగితాన్ని ఆ వారం వేరొక పెద్దమనిషి చదివాడు. మా పేరు లేని జాబితాను మొదటి బెంచీలో కూర్చుని విన్నాను.

తర్వాత అమ్మ మూడు రోజుల ఉపవాస ప్రార్థన అని చెప్పింది. సోమ, మంగళ, బుధ. కాలనీ అంతా తెలిసింది. మా అమ్మ భక్తి గురించి ఇరుగుపొరుగు గొప్పగా చెప్పుకున్నారు. పిల్లలకు మాత్రం జావ కాచింది. నాలుగో రోజు ఉపవాసం ఇంకో మూడు రోజులు పొడిగించానంది. అప్పటికి నాకు పద్నాలుగేళ్లు. బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడు ఎలా ఉంటుందో తెలుసు, నిండు డబ్బా చప్పుడు వేరు, ఖాళీ డబ్బాది వేరు. అమ్మ అబద్ధం ఆడలేదు. నిజంగానే మోకరించింది, నిజంగానే ఏడ్చి ప్రార్థించింది. కానీ ఆకలికి భక్తి బట్టలు తొడిగింది. అది నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

శనివారం డబ్బాను తలకిందులు చేసి, అడుగున దులిపి, మిగిలిన బియ్యమంతా పిడికెడు బియ్యం గుడ్డసంచిలో పోసి మూతి కట్టింది. ఎప్పటి బరువు అప్పటికి సరిపోవాలి కదా. ఆదివారం నేను తీసుకెళ్లి పోశాను. రాజవ్వ ఆ బియ్యాన్ని చేత్తో ఒకసారి తడిమి, నా మొహం చూసి, మూతి కట్టింది.

ఆరాధన అయ్యాక మా వెనకే వచ్చింది. చేతిలో చీపురు కూడా ఉంది. వరండాలో కూర్చోకుండా అమ్మకు ఎదురుగా నిలబడింది.

"ఎస్తేరమ్మా, వారమంత ఉపాసమే ఉంటివి గద?"

"ప్రభువు కృప, రాజవ్వా. ఉన్నాను."

"పొయ్యి ముట్టియ్యని దినం పిడికెడు ఎవ్వరు తియ్యరు. మీ సంచి ఎప్పటోలెనే నిండుగున్నది. గా బియ్యం యాడికెల్లి వచ్చినయి?"

ఆ లెక్క అమ్మకు తట్టనే లేదు. ఈ పొరపాటు బయటివాళ్లు ఎవరూ పట్టుకోలేరు. ప్రతి పూటా ఎసరు దగ్గర చెయ్యి పెట్టిన ఆడదానికే దొరుకుతుంది. రాజవ్వ జవాబు కోసం ఆగలేదు. అమ్మను పక్కకు జరిపి వంటింట్లోకి వెళ్లి డబ్బా మూత తీసింది. ఆ చప్పుడు నాకు బయటికి వినిపించింది. మూత పెట్టేసి వెళ్లిపోయింది.

గంటలో తిరిగొచ్చింది. మిట్టమధ్యాహ్నం. ఆదివారం కనుక షిఫ్టు లేనివాళ్లంతా అరుగుల మీదే ఉన్నారు. టీవీ ఉన్న ఇంటి ముందు పిల్లలు గుంపుగా ఉన్నారు. అందరూ చూస్తుండగా నెత్తి మీద గోనె మూటతో వరుస పొడుగునా నడిచి వచ్చింది. కావాలనే అలా వచ్చిందని ఆమె తర్వాత నాకు చెప్పింది. "చాటుకు తెస్తే మీ అమ్మ చాటుకే వాపసు పంపుతుండె" అంది. అమ్మ గడప మీద రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది.

"తీసుకెళ్లు రాజవ్వా. ఇది మా ఇంట్లోకి రాదు. మా అత్తకు మాటిచ్చాను."

"మీ అత్త మట్టిల ఉన్నది. నీ పిల్లలు గీడ ఉన్నరు."

"మేము ఇచ్చిన వాళ్లమే గానీ..."

"ఔ, ఇచ్చిండ్రు. నా మొగడు బాయిల పోయిననాడు గీ సంచిలకెల్లే నాకు పెట్టిండ్రు. నది అవుతలికెల్లి మీ మామ గూడ పంపిండు. తిన్న. సిగ్గు గాలే. ఆకలైంది, తిన్న." మూట దించకుండానే మాట్లాడుతోంది, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. "దొరల ముంగట చెప్పులిప్పని ఇల్లట మీది. మంచిగనే ఉన్నది. దేవుని ముంగట గూడ ఇప్పవా, దొరసానీ?"

పక్కింటి అరుగు మీద ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అమ్మ చేతులు ద్వారబంధం మీద నుంచి ఎప్పుడు దిగాయో నేను గమనించలేదు. రాజవ్వ లోపలికి వచ్చి మూట దించి, మెడ పట్టుకుని, "నీళ్లియ్యి పిల్లా, జల్ది" అంది నాతో.

ఆ మధ్యాహ్నం అమ్మా నేనూ చాటలో ఆ బియ్యం పోసుకుని కూర్చున్నాం. రాళ్లు ఏరడానికని మొదలుపెట్టి, అమ్మ సన్న బియ్యం వేరుగా, దొడ్డు బియ్యం వేరుగా తీయసాగింది. రకరకాల బియ్యం కలిపి వండితే ఒక్క తీరుగా ఉడకవు. సన్నవి మెత్తబడి ముద్దవుతాయి, దొడ్డువి లోపల పలుకుగా ఉంటాయి. నేనూ కాసేపు సాయం చేశాను. వేరు చేసిన సన్న బియ్యం గుప్పెడు కూడా లేవు. వాటిలో మేము ఇచ్చినవే ఎన్ని ఉన్నాయో. అమ్మ ఆ కుప్పను చాలాసేపు చూసింది. తర్వాత అరచేత్తో మొత్తం కలిపేసి లేచి ఎసరు పెట్టింది. బియ్యం పోసే ముందు అలవాటు కొద్దీ ఒక పిడికెడు తీసి కుండలో వేస్తుంటే, గుమ్మంలో కూర్చున్న రాజవ్వ పగలబడి నవ్వింది.

"మాదే మాకు ఇస్తున్నవా?"

"అందరిదీ కదా," అంది అమ్మ. చాలా రోజుల తర్వాత నవ్వింది కూడా.

తినే ముందు రాజవ్వ ప్రార్థన చేసింది. మా ఇంట్లో పుస్తక భాష కాని ప్రార్థన వినపడటం అదే మొదటిసారి. పక్కింటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది. "నాయనా, దేవసాయం కాలు సంగతి నీకెరుకే. గా కాలు నువ్విచ్చిందే. నీ కాళ్లకు గూడ మేకులు గొట్టిండ్రు గద, నొప్పేందో నీకు మేం చెప్పాల్నా? ఉంచుతవో తీస్తవో నీ ఇష్టం గాని, ఈ పిల్లలను మాత్రం ఇడిచిపెట్టకు. ఇడిచిపెడితే నేనూకోను." అంతే. ఆమెన్ కూడా అనకుండా కంచం దగ్గరికి లాక్కుంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అన్నం కొంత ముద్దగా, కొంత పలుకుగా ఉంది. మెత్తటిదీ గట్టిదీ ఒకే ముద్దలో నమలడం ఎలా ఉంటుందో ఇప్పటికీ నా పళ్లకు గుర్తు.

మరుసటి ఆదివారం కాగితంలో నాన్న పేరు మొదట రాశాను. అమ్మే చెప్పింది. సంఘమంతా లేచి నిలబడింది. బాయిలో నాన్నతో పనిచేసిన తట్ట కార్మికుల్లో క్రైస్తవులు కానివాళ్లు కూడా కొందరు వచ్చి వెనక చెప్పులు విప్పి నిలబడ్డారు. ఖాదర్ కాక గుడి బయట, సరిచేసిన సైకిలు పట్టుకుని నిలబడి, "సైకిలైతే సీదా అయింది. భాయ్ గూడ అయితడు" అన్నాడు. అంత మంది అడిగితే దేవుడు కాదనడని నేను లెక్క వేసుకున్నాను. పద్నాలుగేళ్ల పిల్ల విశ్వాసం అలాంటిదే.

పది రోజులకు నలుపు గీత దాటింది. మర్నాడు పొద్దున్నే ఆపరేషన్‌కు తీసుకెళ్లి మోకాలి పైదాకా కాలు తీసేశారు.

నేను ఆ వారం దేవుడితో మాట్లాడలేదు. చాప మీద మోకరించాను గానీ పెదవులు కదపలేదు. దవాఖానలో నాన్నను చూసినప్పుడు, దుప్పటి కింద ఒకవైపు చదునుగా ఉన్న చోటు చూడకుండా కిటికీ వైపు చూశాను. నాన్నే అడిగాడు.

"గుడిలో నా పేరు చదివారా?"

"చదివారు నాన్నా."

"మొదటనా, చివరనా?"

"మొదటే."

కళ్లు మూసుకున్నాడు. నేను కోపం ఆపుకోలేక, "ఏం లాభం?" అన్నాను.

 ఆయన తాత భాష వదిలేసి, బాయిలో తోటివాళ్లతో మాట్లాడే భాషలో అన్నాడు: "బాయిల పైకప్పు కుర్రుమన్నప్పుడు పక్కోని చెయ్యి పట్టుకుంటం బిడ్డా. చెయ్యి పట్టుకుంటే కప్పు ఆగదు. అయినా పట్టుకుంటం."

ఈ మాట ఎన్నేళ్లుగానో మోస్తున్నాను. నా భర్త పోయినప్పుడు, ఆ తర్వాత నా చెల్లెలు ఏడాది పాటు జబ్బుతో పోరాడి ఓడిపోయినప్పుడు, నేను ప్రార్థన చేసింది తాత మాటలతో కాదు. రాజవ్వలాగా, ఇడిచిపెడితే ఊకోను అని. అడిగినవి దక్కలేదు. కానీ ఆ రెండు సార్లూ మా ఇంటి తలుపు తెరిచే ఉంచాను, వచ్చినవాళ్లు తెచ్చిన గిన్నెలు తీసుకున్నాను. మా అమ్మకు అంత కష్టమైన పని నాకు కొంచెం తేలికైంది. కొంచెమే. గిన్నె కడిగి వెనక్కి పంపేటప్పుడు ఖాళీగా పంపడం నాకు ఇంకా చేతకాదు.

ఇప్పుడు ఆ గుడికి పాలరాయి వేశారు. పెద్ద తెర ఉంది, చల్లటి గాలి ఉంది. కష్టాలు ఫోన్ గుంపులో పెడితే, క్షణంలో యాభై మంది చేతులు జోడించిన బొమ్మ పంపుతారు. నేనూ పంపుతాను; తప్పని అనడం లేదు. పిడికెడు బియ్యం ఎవరూ తీయడం లేదు, కవర్లో కానుక వేస్తున్నారు. అందరూ ఒకే రకం సన్న బియ్యం తింటున్నారు, కలిపినా తేడా తెలియదు. అది మంచిదే, సందేహం లేదు. కానీ కవరు బయట నుంచి చూసి ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో ఎవరు చెప్పగలరు? రాజవ్వ సమాధి దగ్గర నాకు మాట రాకపోయింది ఇందుకేననుకుంటాను. మా వంశం గురించి మూడు తరాల దాకా చెప్పగలను. ఆమె తండ్రి పేరు నాకు తెలియదు. ఎన్నడూ అడగలేదు.

కాలు పోయినా, అప్పుడు నాన్న ఉద్యోగం పోలేదు. నిలబడి పని చేయగలిగితే లాంప్ రూంలో, కిందికి దిగేవాళ్లకు తలదీపాలు అందించే పని ఇస్తామన్నారు. నిలబడాలంటే పెట్టుడు కాలు కావాలి. దానికోసం హైదరాబాదు వెళ్లాలి, నెలల తరబడి అక్కడ ఉండి నడక నేర్చుకోవాలి. ఊళ్లో మిగిలిన చెలక ఒక్కటే మా చేతిలో ఉంది. దాన్ని అమ్మడానికి పెదనాన్నలు సంతకాలు పెట్టారు. ఎలీషా ముత్తాత, సమూయేలు తాత, నాయనమ్మ ఆ చెలకలోనే తూర్పు మూల పడుకుని ఉన్నారు. ఆ మూల వదిలి మిగతాది కొనమని నాన్న అడిగాడు. ముక్క చేస్తే కొనబోమన్నారు కొనేవాళ్లు. సమాధులతో సహా అమ్మాం.